పరాభవ సంవత్సరంలో పరువు మాట

(పాతపాళ్యలో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగం)



మేము ఉపన్యాసాలిచ్చేవారము కాము. ఎస్సెల్సీ ప్యాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. మన బాగేపల్లి తాలూకాలో రైలుకూత వినబడదు. కనుక ఈ ఊరివాడు రైలు టిక్కెట్లిచ్చే ఉద్యోగం చేస్తున్నాడంటే ఇక్కడి పెద్దలకు ఇప్పటికీ నవ్వే. సంఘం కార్యదర్శిగారు, "ఊరు విడిచి బ్రతికేవాళ్ళకు పనికివచ్చే సంగతి ఏదైనా చెప్పవయ్యా" అని ఆజ్ఞాపించినందువల్ల మీ ముందు నిలబడినాము.

ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్నాము. విశ్వావసు పోయి పరాభవ వచ్చినది. పోయినసారి ఈ పేరు గల సంవత్సరం వచ్చినది 1966లో. పేరు చూచి భయపడనక్కరలేదని పంతులుగారు సెలవిచ్చినారు. మాకు మాత్రం ఈ పేరు వింటే ఒక నోటీసు జ్ఞాపకం వస్తుంది. ఒక వ్యాపార సంస్థ పరువు మావల్ల పోయినదట. దాని ఖరీదు 10 లక్షల రూపాయలట. 7 దినాలలో క్షమాపణ వ్రాసి, ఆ సొమ్ము కట్టవలెనట. ఆ కథే ఈ దినం చెప్పదలచినాము. అందులో మా తప్పు కూడ ఉన్నది. దానినీ దాచము.

మన సంతల సంగతి మీకు తెలియనిది కాదు. ఎవరైనా సెనక్కాయ విత్తనం కొనిపోయి, అది మొలవకపోతే, ఆ మాట మరుసటి సంతకు ముందే పది ఊళ్ళకు ప్రాకేది. వర్తకునికి కోపం వచ్చేది. కాని వచ్చి, "ఏమప్పా, నా మూట చెడ్డదంటివంట గదా, ఏదీ చూపించు" అని అడిగేవాడు. చూపిస్తే సగం ధరైనా తగ్గించేవాడు. గాజులమ్మేవాడైనా అంతే. గాజుల మలారం వీపున వేసుకొని మళ్ళీ ఆ వీథికే రావలసినవాడు, చిట్లే గాజు తొడిగి ఎన్నాళ్ళు తప్పించుకుంటాడు?

పట్నంలో ఆ వీలు లేదు. ఎలహంకలోనో, కృష్ణరాజపురంలోనో అద్దె ఇంట్లో దిగిన మనవాళ్ళు ఏ ఆసుపత్రి మంచిది, ఏ కల్యాణమంటపంవాళ్ళు అడ్వాన్సు తిరిగి ఇస్తారు, ఏ బడి మాట నిలుపుకొంటుంది అని ఎవరినడగాలి? పక్కింటివాని పేరే తెలియదు. అందువల్ల సెల్‌ఫోను తీసి, గూగుల్‌లో ఎవరు ఏమి వ్రాసినారు, ఎన్ని చుక్కలు పెట్టినారు అని చూస్తాము. పల్లెలో రచ్చకట్ట చేసే పని వలస వచ్చినవానికి ఆ చుక్కలు చేస్తున్నవి. ఆ రచ్చకట్టమీద కూర్చున్నవాళ్ళను ఒక్కొక్కరినే లేపి పంపివేస్తే మిగిలేది వ్యాపారి మనుషులే.

మా తమ్ముడు 2024 జనవరిలో బెంగళూరులో ఒక కంప్యూటరు శిక్షణాలయంలో చేరినాడు. దాని పేరు ఇక్కడ అక్కరలేదు. 75 వేలు కట్టినాము. అందులో 40 వేలు మా నాయన ఆవులనమ్మి ఇచ్చినది. 6 నెలల చదువు, తరువాత కంపెనీలలో ఉద్యోగ పరీక్షలకు పంపటం అని కాగితంమీద ఉన్నది. నాలుగో నెలకే పాఠాలు నిలిచిపోయినవి. మూడుసార్లు ఉపాధ్యాయుడు మారినాడు. ఏ కంపెనీకీ పంపలేదు. సొమ్ము అడుగబోతే కాఫీ ఇప్పించి, "చూద్దాం సార్" అన్నారు. ఆ కాఫీలు మేము ఐదు త్రాగినాము.

జూన్‌లో ఒక రాత్రి డ్యూటీ దిగి వచ్చి, జరిగినదంతా నాలుగు వాక్యాలలో వ్రాసి, ఒక చుక్క పెట్టినాము. అంతటితో ఊరకుండక కోపంలో ఐదవ వాక్యం తగిలించినాము: వీళ్ళు దొంగలు, పల్లె పిల్లల కొంపలు తీసేవాళ్ళు అని. పదిహేను దినాలకు నోటీసు వచ్చినది. ఇంటికి కాదు, మా కార్యాలయానికి. రిజిష్టరు తపాలా తీసుకొన్న పెద్ద గుమాస్తా దానిని మా బల్లమీద పెట్టి, ఏమీ అడగకుండా నిలబడినారు. ఆ నిలబడటమే మమ్ములను చంపినది. సర్కారీ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఊళ్ళో ముసలి తల్లిదండ్రులు. కోర్టు అంటే ఉద్యోగం పోతుందేమో అనుకొన్నాము. ఇంట్లో ఆమె, "పోయిన దుడ్డు పోయె, తీసేయండి" అన్నది. తీసివేసినాము. రెండు నిముషాల పని. ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఉగాదికి ఇదే చోట, పచ్చడి పంచేటప్పుడు, చేలూరు పక్కనుండి వచ్చిన ఒక కుటుంబం మా వరుసలో కూర్చున్నది. మాటల మధ్య తెలిసినది: ఫిబ్రవరిలో వాళ్ళ కొడుకును అదే శిక్షణాలయంలో చేర్చినారు. 80 వేలు కట్టినారు. ఫోనులో చూస్తే అన్నీ మంచి మాటలే ఉన్నవట. మా తమ్ముని సంగతి విని ఆ తల్లి, "అన్నా, నువ్వు ముందే రాసిండింటే మా పిల్లోడు ఆ గడప తొక్కేవాడే కాదు గదా" అన్నది. "రాసినదే అమ్మా, తీసేసినదీ ఈ చేతులే" అన్నాము. ఆమె మారు పలుకలేదు. ఆయన పచ్చడి ఆకు మడిచి లేచిపోయినారు. ఆ కుటుంబం ఈ దినం సభకు రాలేదు.

ఆ వారమే చింతామణికి పోయి, మా నాయన కాలంనుండి ఎరిగిన ఒక పెద్ద వకీలుగారిని కలుసుకొన్నాము. ఆయన నోటీసు చదివి, "ఏమయ్యా, దీనిమీద కోర్టు మొహరు ఎక్కడైనా ఉన్నదా?" అన్నారు. లేదన్నాము. "మరి దేనికి దడుచుకొంటివి? ఇది జాబు. కక్షిదారు చెప్పినది వకీలు కాగితంమీద పెట్టినాడు. 10 లక్షలని జాబులో వ్రాయటానికి సిరా ఖర్చే. దావాలో వ్రాయాలంటే అడిగిన మొత్తానికి తగిన రుసుము వాళ్ళే ముందుగా కట్టుకోవలె. ఆ పైన వాళ్ళే బోనెక్కి, హాజరు పట్టీలూ, ఉద్యోగాలిప్పించిన జాబితాలూ బయట పెట్టవలె. అది ఇష్టం లేకనే జాబు పంపేది" అన్నారు. నోటీసుకు జవాబు మాత్రం తప్పక ఇవ్వమన్నారు. కోర్టునుండి సమను వస్తే ఒక్క వాయిదా కూడ తప్పరాదన్నారు.

తరువాత, మేము వ్రాసినదేమిటో చూపమన్నారు. ఫోనులో నకలున్నది. చదివి, మొదటి నాలుగు వాక్యాలకు తల ఊపి, ఐదవదానిమీద వేలు పెట్టి, "వాళ్ళకు పిడి అందించినవాడివి నువ్వే" అన్నారు. అప్పుడు శిక్షాస్మృతి తీసి 499వ సెక్షను చదివి చెప్పినారు. 1860నాటి చట్టమది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షను. పరువునష్టం నేరమే. 2 సంవత్సరాలవరకు సాధారణ కారాగార శిక్ష గాని, జుర్మానా గాని, రెండూ గాని పడవచ్చును. కొత్త చట్టంలో సమాజసేవ అనే శిక్ష కూడ చేర్చినారు. ఇది రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కనుక మా భయం ఉత్తదని మేమనము.

అయితే అదే సెక్షనులో పది మినహాయింపులున్నవి. లోకహితం కోసం నిజం చెప్పటం మొదటిది. తన మేలుకోసమో, పరుల మేలుకోసమో సద్భావంతో అన్నమాట తొమ్మిదవది. ఎదుటివాని మంచికోరి హెచ్చరించటం పదవది. తొమ్మిదవదానికి చట్టం ఇచ్చిన ఉదాహరణ ఎవరిదనుకొన్నారు? ఒక అంగడివానిది! ఫలానావాని నిజాయితీమీద నాకు నమ్మకం లేదు, రొక్కమిస్తేనే సరుకివ్వు అని అంగడి యజమాని తన గుమాస్తాతో అంటాడు. సద్భావంతో, తన వ్యాపారం కాపాడుకోవటానికి అన్నాడు గనుక అది నేరం కాదు. కొనేవాడు చెడ్డవాడని అమ్మేవాడు చెప్పటానికి చట్టం నీడ ఇచ్చినది. అమ్మేవాని సంగతి కొనేవాడు చెప్పినా నీడ ఆ చెట్టుదే.

ఆరవ మినహాయింపు మాకు మరీ నచ్చినది. ఒకడు పుస్తకం ప్రచురించినాడు. అది లోకం తీర్పుకు పెట్టినట్లే. ఆ పుస్తకం తెలివితక్కువగా ఉన్నది, వ్రాసినవాడూ బలహీనుడే అయియుండాలి అని సద్భావంతో అంటే తప్పు లేదు. అదే ఆ వ్రాసినవాడు దుర్మార్గుడు గనుక పుస్తకం చెడిపోయినదంటే మినహాయింపు లేదు. ఎందుకంటే, ఆ మాట పుస్తకంనుండి పుట్టినది కాదు. మా నాలుగు వాక్యాలు పుస్తకంనుండి పుట్టినవి. ఐదవది మా కోపంనుండి పుట్టినది. ఇరవై సంవత్సరాలు బడికి పోయినా ఇంత స్పష్టంగా ఎవరూ మాకు చెప్పియుండరు.

మమ్ములను బెదిరించినది చిన్న అంగడి. పెద్దవాళ్ళు ఎట్లు చేస్తారో వకీలుగారు చెప్పగా, తరువాత మేముగా చదివి తెలుసుకొన్నాము. ఐ.ఐ.పి.ఎం. అనే మేనేజిమెంటు విద్యాసంస్థ ఉండేది. దినపత్రికలలో పుటనిండా దాని ప్రకటనలు మీలో చాలామంది చూచియుంటారు. హైదరాబాదులో, బెంగళూరులో కూడ శాఖలుండేవి. 2005లో రష్మీ బన్సల్ గారి 'జామ్' పత్రిక ఆ ప్రకటనలలోని గొప్పలెంతవరకు నిజమో పరిశీలించి వ్రాసినది. ఆ వ్యాసాన్ని బలపరుస్తూ గౌరవ్ సబ్నిస్ అనే యువకుడు తన మాటగా నాలుగు ముక్కలు వ్రాసినాడు. అతనికి 125 కోట్ల రూపాయల నోటీసు వచ్చినది. అతడు ఐ.బి.ఎం. కంపెనీలో ఉద్యోగి. ఆ విద్యాసంస్థ ఆ కంపెనీ లాప్‌టాప్‌లు కొన్నది. వాటిని కంపెనీ కార్యాలయం ముందే తగులబెడతామన్నారని యజమానుల చెవిని పడినది. అతడు వ్రాసినది తీసివేయలేదు. తనవల్ల కంపెనీకి చిక్కు రాకూడదని ఉద్యోగానికి రాజీనామా చేసినాడు. నోటీసు బల్లమీద పెట్టి పెద్ద గుమాస్తా నిలబడిన దినం మాకు జ్ఞాపకం వచ్చినది. ఆ యువకుడు ఉద్యోగం విడిచి మాట నిలుపుకొన్నాడు. మేము మాట విడిచి ఉద్యోగం నిలుపుకొన్నాము. ఉద్యోగాన్ని నిజంగా ఎవరూ అడగనే లేదు!

2011లో 'కారవాన్' పత్రిక ఆ సంస్థ అధిపతిని గూర్చి సిద్ధార్థ దేబ్ వ్రాసిన వ్యాసం వేసినది. 50 కోట్లకు దావా పడినది. పత్రిక ఢిల్లీది, సంస్థ ప్రధాన కార్యాలయమూ ఢిల్లీదే. దావా మాత్రం అస్సాంలోని సిల్చారులో! పరువునష్టం ఎక్కడ జరిగిందంటే అక్కడ దావా వేయటానికి సివిల్ ప్రొసీజరు కోడు 19వ సెక్షను వీలిస్తుంది. పత్రిక ఎక్కడ చదివినా నష్టమక్కడ జరిగినట్లే గదా. రైల్వేవాడిని గనుక లెక్క చూచినాము. ఢిల్లీనుండి సిల్చారు 2 వేల కిలోమీటర్ల పైమాట. లమ్డింగునుండి అవతల అప్పట్లో మీటరుగేజి కొండదారి. బ్రాడ్‌గేజి 2015లోగాని పడలేదు. వాయిదాకు పోయి రావటమే ఒక శిక్ష. తీర్పు ఎవరికి కావాలి? అవతలి పక్షం మాట వినకుండానే ఆ వ్యాసాన్ని ఆపుతూ ఉత్తర్వు వచ్చినది. దేబ్ పుస్తకం మన దేశంలో ఆ మొదటి అధ్యాయం లేకుండానే వెలువడినది. ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని తొలగించినది 2018 ఫిబ్రవరిలో. ఏడేండ్లు.

ఈ లోపల 2013లో గ్వాలియరు కోర్టు ఉత్తర్వుమీద 73 పుటలను దేశంలో ఎవరికీ కనబడకుండా చేసినారు. అందులో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారి ప్రకటన కూడ ఒకటి. ఈ సంస్థ విశ్వవిద్యాలయం కాదు, పట్టాలిచ్చే అధికారం దీనికి లేదని సర్కారు సంఘమే పిల్లలకు చెప్పిన హెచ్చరిక అది. దానినీ మూసినారు! 2014 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు, ఆ సంస్థ విద్యార్థులను తప్పుదారి పట్టించిందని చెప్పి, ఎం.బి.ఏ., బి.బి.ఏ. అనే మాటలు వాడరాదన్నది. 2005నుండి 2014వరకు ఎన్ని వేలమంది తల్లిదండ్రులు ఫీజులు కట్టియుంటారో మీరే ఊహించుకొనండి. ముందుగా చెప్పినవాళ్ళకు దక్కినవి నోటీసులు.

తల్లులకు తెలిసిన సంగతి ఇంకొకటి. పాలలో కలిపే బోర్నవిటా. 2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్‌సింగ్కా అనే యువకుడు దానిలో చక్కెర ఎక్కువని ఒక చిన్న చలనచిత్రం తీసి పెట్టినాడు. కోటిమందికిపైగా చూచినారు. కంపెనీవారు, అది శాస్త్రీయం కాదు, వాస్తవాలను వక్రీకరించినదని లాయరు నోటీసు పంపినారు. కోర్టులకు తిరిగే స్తోమత లేదని అతడు క్షమాపణ చెప్పి తీసివేసినాడు. మావలెనే. కాని అప్పటికే మాట ఊరెక్కినది. జాతీయ బాలల హక్కుల సంఘం కంపెనీని సంజాయిషీ అడిగినది. ఆ డిసెంబరుకు 100 గ్రాములలో కలిపిన చక్కెరను 37.4 గ్రాములనుండి 32.2కు తగ్గించినట్లు వార్త వచ్చినది. 2024 ఏప్రిల్‌లో ఇటువంటి పానీయాలను ఆరోగ్య పానీయాల వరుసలో పెట్టి అమ్మవద్దని కేంద్రం ఆన్‌లైన్ వ్యాపారులకు సూచన ఇచ్చినది. క్షమాపణ చెప్పినవాడొకడు, చక్కెర తగ్గించినవాడొకడు!

కోర్టులు ఎప్పుడూ పెద్దవాళ్ళ పక్షమే అనుకోవద్దు. 2024 మార్చిలో బ్లూంబర్గు, జీ సంస్థల వ్యాజ్యంలో, విచారణకు ముందే ఒక వ్రాతను ఆపటమంటే దానికి మరణశిక్ష వేసినట్లేనని, అరుదుగా తప్ప అట్లు చేయరాదని సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పినది. డబ్బున్నవాళ్ళు నోళ్ళు మూయించటానికి వేసే దావాలను కనిపెట్టి ఉండమన్నది. 2025 ఏప్రిల్‌లో, ఒక ప్రోటీన్ పొడి బాగాలేదని చెప్పిన యువకులను ఆపమని కంపెనీ అడిగితే ఢిల్లీ హైకోర్టు ఆపలేదు. వాళ్ళు ఆ పొడిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, నివేదికలు చేతిలో పెట్టుకొని మాట్లాడినారు. కాగితం ఉన్నవాని మాటకు బలం.

మన పిల్లలు చాలామంది చేరిన అమెరికాలో ఇంకొక విచిత్రం జరిగినది. యూటా రాష్ట్రంలో ఒక దంపతులు తెప్పించుకొన్న సరుకు రాలేదు. భార్య ఆ మాట వ్రాసినది. మూడేండ్లు గడచిన తరువాత, మమ్ములను నిందించరాదని షరతున్నదంటూ ఆ కంపెనీ 3,500 డాలర్లు అడిగి, ఇవ్వకపోతే భర్త అప్పు ఎగవేసినాడని పేరు చెడగొట్టినది. ఇల్లు బాగుచేసుకోవటానికి అప్పు పుట్టక వాళ్ళు అవస్థపడినారు. 2014లో కోర్టు ఆ కంపెనీమీదనే 3 లక్షల డాలర్లకుపైగా వేసినది. 2016 డిసెంబరులో, కొన్నవాడు నోరు మెదపరాదనే షరతులు చెల్లవని అక్కడ కేంద్ర చట్టమే వచ్చినది. మన దేశంలో సరిగా అటువంటి చట్టం లేదు.

మనలో హోటళ్ళు, బేకరీలు పెట్టుకొన్నవారున్నారు. వాళ్ళ ముఖాలు చూస్తుంటే ఒక మాట చెప్పకపోతే అన్యాయమౌతుంది. తిననివాడు తిన్నట్లు వ్రాయటం, పోటీ అంగడివాడు కూలికి మనుషులను పెట్టి వ్రాయించటం, ఉచితంగా దోసె పెట్టకపోతే ఒక చుక్క పెడతానని బెదిరించటం కూడ జరుగుతున్నది. దీనికోసమే 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం తెచ్చినది. వ్రాసినవాడు నిజంగా కొన్నవాడో కాదో సరిచూడాలన్నది అందులో ముఖ్యం. ఇప్పటికి అది ఇష్టమున్నవాళ్ళు పాటించేదే. అబద్ధం వ్రాసినవానిమీద దావా వేయటం అంగడివాని హక్కు. ఆ హక్కును మేము కాదనము.

సొమ్ముకోసమైతే వినియోగదారుల కమిషన్ వేరే ఉన్నది. 2019నాటి చట్టం 2020 జూలై 20 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చును, అంగడి ఎక్కడున్నా సరే. మన జిల్లావారికి చిక్కబళ్ళాపురం చాలు. చెల్లించినది 5 లక్షల లోపైతే రుసుము లేదు. 1915కు ఫోను చేసినా దారి చెబుతారు. వాళ్ళు మనలను సిల్చారుకు లాగగలరు, మనం వాళ్ళను చిక్కబళ్ళాపురానికి రప్పించగలం. మా తమ్ముని ఫిర్యాదు దాఖలైనది. వాయిదాలు నడుస్తున్నవి.

2025 ఏప్రిల్ 14, అంబేద్కర్ జయంతి సెలవు దినం, మళ్ళీ వ్రాసినాము. చేరిన తేదీ, కట్టిన మొత్తం, రసీదు ఉన్నదన్న మాట, ఇచ్చిన హామీ, పాఠాలు నిలిచిన తేదీ, సొమ్ము అడిగిన తేదీలు. దొంగలనే మాట లేదు. కొంపల మాట లేదు. చేలూరు కుటుంబం కూడ తమ సంగతి తాము వ్రాసుకొన్నారని తరువాత చూచినాము. మాతో చెప్పలేదు. మే నెలలో రెండవ నోటీసు వచ్చినది, ఈసారి 15 లక్షలకు. మళ్ళీ కార్యాలయానికే. మేమే పెద్ద గుమాస్తాగారికి చదివి వినిపించి, రసీదు నకలుతో వకీలుగారిచేత జవాబు పంపించినాము. ఆయన చదివి, "మా అల్లుడు కూడ ఒక చోట ఇట్లే కట్టినాడయ్యా" అని, ఆ శిక్షణాలయం పేరు అడిగి వ్రాసుకొన్నారు.

పరువునష్టానికి సివిలు దావా వేయటానికి గడువు, ప్రకటించిన నాటినుండి 1 సంవత్సరం. ఈ దినం మార్చి 19. ఇంకా 26 దినాలున్నవి. దావా ఇంతవరకు రాలేదు. రావచ్చును కూడ. వ్రాసినది అక్కడనే ఉన్నది. దాని నకలూ, రెండు నోటీసులూ, మా జవాబూ పేర్లు కొట్టివేసి, సంఘం బల్లమీద పెట్టినాము. కావలసినవారు చూచుకోవచ్చును. ఆకులు వేస్తున్నారని పిలుస్తున్నారు గనుక సెలవు.